కలుపు తేల్చే నిజం: పాలమూరు శివారులోని అద్దె కూరగాయల మడులపై సమీక్ష

మహబూబ్‌నగర్ పట్టణం దాటి జడ్చర్ల వైపు వెళ్తుంటే, ప్రధాన రహదారి నుంచి లోపలికి తిరిగే ఒక మట్టి బాట మీద కొన్ని ఎకరాల చల్క (ఎర్ర ఇసుక నేల) భూమిని అర గుంట, గుంట మడులుగా విడగొట్టి, సొంత పొలం లేని పట్టణవాసులకు కూరగాయలు పండించుకోవటానికి నెలవారీ అద్దెకు ఇస్తున్నారు. వానాకాలం మొదట్లో అందులో అర గుంట మడి తీసుకుని, ఆ పంటకాలమంతా, ఆ తర్వాత యాసంగిలోనూ సాగు చేసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మెప్పుతో పాటు గట్టి ఫిర్యాదులు కూడా ఉన్నందున నిర్వాహకుల పేరు రాయటం లేదు. పేరు కన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇలాంటి ఏర్పాటు ఏ ఊళ్లో ఎవరు నడిపినా దాని మంచిచెడ్డలు తేలేది కలుపు దగ్గరే. నీళ్లు, విత్తనాలు, పనిముట్లు ఎవరైనా సమకూర్చగలరు. భూమిలో ఉన్న కలుపుకు ఎవరు, ఎంతవరకు బాధ్యత వహిస్తారన్న ప్రశ్నకు నిర్వాహకుల వద్ద స్పష్టమైన జవాబు లేకపోతే మిగతా సౌకర్యాలన్నీ ఉన్నా మడి దక్కదు.

అర గుంట అంటే అరవై గజాల స్థలం. నెలకు 900 రూపాయల అద్దెలో బోరు నీళ్లు, మొదటి దుక్కి, ఆరంభంలో కొంత పశువుల ఎరువు, అందరూ వాడుకునే పనిముట్లు కలిసి ఉంటాయి. విత్తనాలు, నారు, కలుపు కూలి మనం పెట్టుకోవాలి. అరవై గజాలు చిన్నదని అనిపించవచ్చు గానీ, నలుగురున్న ఇంటికి ఆకుకూరలు, బెండ, గోకరకాయ, వంకాయ, నాలుగు బీర పాదులు, ఒక సాలు మిరప వేసుకోవటానికి సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ తీసుకుంటే ఉద్యోగం చేసుకునేవారు కలుపుకు అందుకోలేరు.

ఇంగ్లండులో ఇలాంటి మడులకు చట్టమే ఉంది. 1908 నాటి చట్టం ప్రకారం, ప్రజల నుంచి కోరిక ఉన్నచోట స్థానిక సంస్థలు సాగు మడులు సమకూర్చాలి. అక్కడి సంప్రదాయపు పూర్తి మడి దాదాపు 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు రెండున్నర గుంటలు. మడిని సాగు చేయకుండా కలుపుకు వదిలేసిన వారికి ముందుగా నోటీసు ఇస్తారు, అప్పటికీ కదలిక లేకపోతే మడిని వెనక్కి తీసుకుంటారు. ఒకరి మడిలో పెరిగిన కలుపు గింజలు పక్కవారి మడిలో మొలుస్తాయి కాబట్టి ఆ నియమం న్యాయమైనది. నేను సంతకం చేసిన ఒప్పంద పత్రంలో అద్దె ఆలస్యమైతే ఏమవుతుందో వివరంగా ఉంది గానీ, కలుపు ఊసు ఎక్కడా లేదు. నా ఫిర్యాదులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

మొదటి ఫిర్యాదు దుక్కి గురించి. మడిని అప్పగించే ముందు ట్రాక్టరుకు రోటావేటరు (తిరిగే బ్లేడ్లతో మట్టిని పిండి చేసే యంత్రం) తగిలించి ఒక్కసారి తిప్పి ఇచ్చారు. చూడటానికి నేల పిండిలా మెత్తగా, ఎర్రగా, శుభ్రంగా ఉంది. అయితే తుంగ, గరిక ఉన్న నేలలో రోటావేటరు తిప్పటమంటే వాటిని నాటటమే. గరిక కాడను ఎన్ని ముక్కలు చేస్తే, ప్రతి కణుపు దగ్గరా అన్ని మొక్కలు లేస్తాయి. తుంగ సంగతి ఇంకా కష్టం. దాని గడ్డలు భూమిలో సన్నటి వేరుతీగతో ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుని ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చివరి గడ్డ మొలకెత్తుతూ వెనకవాటిని చాలావరకు నిద్రలోనే ఉంచుతుంది. రోటావేటరు ఆ గొలుసును తెంపగానే ప్రతి గడ్డా తన దారి తాను చూసుకుని మొలుస్తుంది. వేసవిలో నాగలితో లోతు దుక్కి దున్ని, గడ్డలను పైకి తిరగేసి, పాలమూరు ఎండకు కొన్ని వారాలు వదిలేసి ఉంటే చాలా గడ్డలు ఎండి చచ్చేవి. ఆ పని మడులు అద్దెకు ఇచ్చాక ఎవరూ చేయలేరు, ఎందుకంటే అప్పటికి వానలు పడుతుంటాయి. అది ముందే నిర్వాహకులు చేయవలసిన పని. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక బెండ గింజలు నేల పగలగొట్టక ముందే మడి అంతా తుంగ సూదుల్లా లేచి నిలబడింది.

తుంగను ఎలా తీయాలో నాకు నేర్పింది ఆ తోటకు కైకిలికి (రోజు కూలికి) వచ్చే ఒక పెద్దామె. పాలమూరు పల్లెల్లో కలుపు తీతను ఆడవాళ్లే ఎక్కువగా చూసుకుంటారు. ఒక్క చూపులో పైరుకూ కలుపుకూ తేడా చెప్పగల నేర్పు వాళ్లది. నేను పట్టుకుని లాగిన తుంగ ఆకులు చేతిలోకి తెగి వస్తుంటే ఆమె ఆపి, "సారూ, ఇది పైన గుంజితె పోదు. గడ్డ తీస్తెనే పోతది. గడ్డ ఇడిస్తె మల్ల రెండొద్దులకే మొల్సుకొస్తది" అన్నది. "ఎంత లోతు తవ్వాలక్కా?" అని అడిగితే, "జానెడు లోపటనే ఉంటయ్, అంతకన్న కిందికి పోవు" అంటూ మొక్కకు కొంచెం దూరంగా కుర్పీని (కలుపు తీసే చిన్న చేతి పనిముట్టు) నిలువుగా దించింది. పైకి పెళ్లగించిన మట్టిని వేళ్లతో విదిపితే, నల్లటి పొట్టుతో, గోరంత నుంచి వేలి కొనంత వరకు వరుసగా గడ్డలు బయటపడ్డాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉండి, కమ్మటి ఘాటు వాసన వచ్చింది. పచారీ కొట్లలో తుంగముస్తలు పేరుతో మందు సరుకుగా అమ్మేవి ఇవే. ఆమె వాటన్నిటినీ కొంగులో వేసుకుని, గట్టు మీద పారేయకుండా బాట పక్క బండ మీద ఆరబోసింది. గట్టు మీద పడేస్తే వానకు మళ్లీ వేరు పోసుకుంటాయన్న తెలివి అందులో ఉంది. గడ్డలు ఎక్కువగా జానెడు లోతులోపే ఉంటాయన్న ఆమె మాట వ్యవసాయ శాస్త్రం చెప్పేదానితో సరిపోతుంది.

అలా తీసినా తుంగ పూర్తిగా పోదు. కొత్త ఆకులు నాలుగైదు వచ్చేలోగా మళ్లీ మళ్లీ తీస్తూ ఉంటే, గడ్డలో దాచుకున్న బలం కరిగిపోయి మొక్క సన్నబడుతుంది. ఆలస్యం చేస్తే అది కింద కొత్త గడ్డలు పెట్టటం మొదలుపెడుతుంది. కాబట్టి ఇలాంటి మడి తీసుకోవాలనుకునే వారు ముందుగా చూసుకోవలసింది తమకున్న తీరిక. వారానికి రెండు సార్లయినా పొద్దున్నే వెళ్లి కూర్చునే వీలు లేకపోతే వానాకాలంలో తీసుకోకపోవటమే మేలు. నెలకోసారి వెళ్లి చూద్దామనుకుంటే కూరగాయలు కనపడవు. ముఖ్యంగా బెండ, టమాట, మిరప వంటి పంటలకు మొదటి నెల, నెలన్నర కీలకం. ఆ గడువులో కలుపు పెరిగితే తర్వాత ఎంత శుభ్రం చేసినా మొక్క కోలుకోదు. ఆ గడువు దాటాక మొక్కల నీడే కలుపును చాలావరకు అణచివేస్తుంది.

ఆ నీడను నమ్ముకుని చేసిన సాగే నాకు ఎక్కువ సంతృప్తినిచ్చింది. తుంగకు నీడ అసలు పడదు. మడిలో తుంగ ఎక్కువగా ఉన్న తూర్పు మూలలో గుమ్మడి పాదులు, వాటి మధ్య అలసంద దగ్గర దగ్గరగా వేస్తే, శ్రావణం వచ్చేసరికి నేల కనపడకుండా ఆకులు కమ్ముకున్నాయి, వాటి కింద తుంగ పసుపు రంగుకు తిరిగి పలచబడింది. పక్కనే ఉన్న కొత్తిమీర, మెంతి మాత్రం తుంగ ముందు ఓడిపోయాయి. సన్నటి ఆకుకూరలను తుంగ ఉన్న చోట వానాకాలంలో వేయవద్దని అనుభవంతో చెబుతున్నాను. ఆ మొలకల మధ్య కుర్పీ పెట్టటానికి చోటుండదు, పీకితే కూర కూడా వేరుతో సహా వచ్చేస్తుంది. పుంటికూర, తోటకూర అంత ఇబ్బంది పెట్టలేదు. అవి వేగంగా పెరిగి తల పైకి ఎత్తుతాయి. గోకరకాయలో పూసా నవబహార్ రకం వేశాను, మొండి పంట, చల్క నేలలో బాగా కాసింది, దానికి తీసిన కలుపు కూడా తక్కువే.

నీటి విషయంలో ఈ తోటకు మంచి మార్కులే ఇవ్వాలి. సగం మడులకు డ్రిప్పు ఉంది, మిగతా వాటికి కాలువ నీళ్లు. నా మడికి డ్రిప్పు దొరికింది. వానాకాలంలో ఆ తేడా పెద్దగా తెలియదు, ఆకాశం నుంచి పడే నీళ్లు సాలుకూ సందుకూ సమానంగానే పడతాయి. యాసంగిలో మాత్రం దాని విలువ స్పష్టంగా కనిపించింది. డ్రిప్పు చుక్కలు పడే గీత మీదే నేల తడుస్తుంది, సాళ్ల మధ్య నేల పొడిగా గట్టిపడి ఉంటుంది, కలుపు ఆ తడి గీత మీదే వస్తుంది. కాలువ నీళ్ల మడుల్లో నేలంతా తడవటమే కాక, గట్ల మీద పండిన గింజలన్నీ నీళ్లతో పాటు మడిలోకి కొట్టుకువస్తాయి. అందుచేత అద్దె ఒక్కటే అయినా రెండు రకాల మడులూ ఒకటి కావు. తీసుకునేవారు డ్రిప్పు మడి అడిగి తీసుకోవటం మంచిది. ఇక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కావటంతో డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లటి పొర కట్టి నీళ్లు ఆగిపోతుంటాయి. పైపు చివర మూత తీసి అప్పుడప్పుడు నీళ్లు వేగంగా వదిలితే లోపలి మడ్డి పోతుంది. తోట చూసుకునే పెద్దాయన ఈ పనిని అడగకుండానే చేస్తాడు. ఆయన ఓపికను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మడి తీసుకున్నవారి పిల్లలు వచ్చి పైపులు తొక్కినా విసుక్కోకుండా, ఏ గింజ ఎంత లోతున పెట్టాలో కూర్చుని చూపిస్తాడు.

ఎరువు గురించి అంత మంచి మాట చెప్పలేను. ఆరంభంలో ఇచ్చిన పశువుల ఎరువు సరిగా మాగలేదు. గడ్డి పోచలు గడ్డి పోచలుగానే కనిపిస్తున్నాయి, పచ్చి వాసన పోలేదు. పశువు తిన్న గడ్డిలోని గింజల్లో కొన్ని కడుపులో అరగకుండా పేడతో బయటికి వస్తాయి. కుప్పను కొన్ని నెలలు మాగబెట్టి, మధ్యలో తిరగేస్తే ఆ వేడికి గింజలు చస్తాయి, లేకపోతే ఎరువు పేరుతో కలుపు విత్తనాలు చల్లినట్టే. ఎరువు వేసిన రెండు సాళ్లలో గలిజేరు, పల్లేరు దట్టంగా లేచి, ఎరువు వేయని సాళ్లలో అంతగా లేకపోవటం నేను కళ్లారా చూశాను. యాసంగికి ఆ ఎరువును వద్దని, వర్మీకంపోస్టు, వేపపిండి బయట కొనుక్కుని వేశాను. ఖర్చు పెరిగింది గానీ, కుర్పీ పట్టే సమయం బాగా తగ్గింది. నిర్వాహకులు ఎరువును ఆర్నెల్ల ముందే తెప్పించి, కుప్ప పోసి మాగనిస్తే వారికి పైసా అదనపు ఖర్చు ఉండదు, అందుకే ఈ లోపం నాకు మరీ బాధ కలిగించింది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఖాళీ మడులు. వానాకాలం ఆరంభంలో ఉత్సాహంగా మడులు తీసుకున్నవారిలో చాలామంది ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో కలుపు చూసి రావటం మానేశారు. అద్దె మాత్రం వస్తున్నందున నిర్వాహకులు ఆ మడులను ముట్టుకోలేదు. వాటి నిండా వయ్యారిభామ నడుము ఎత్తు పెరిగి తెల్లగా పూసింది. ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో గుర్తించారు. ఇప్పుడు పాలమూరులో అది లేని గట్టు లేదు. ఒక్కో మొక్క వేల కొద్దీ గింజలు రాలుస్తుంది, గాలికి, నీళ్లకు, మనుషుల చెప్పులకు అంటుకుని అవి ఎక్కడికైనా వెళ్తాయి. పుప్పొడి పడని వారికి తుమ్ములు, ఆయాసం, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. నా మడికి ఆనుకుని సాగు చేసుకునే ఒక టీచరమ్మకు చేతుల నిండా దద్దుర్లు లేచి, పండుతున్న వంకాయ మడిని మధ్యలోనే వదిలేయవలసి వచ్చింది. దీన్ని పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూశాక పీకి గట్టు మీద వేస్తే గింజలు అక్కడే పండి రాలుతాయి.

ఖాళీ మడుల కలుపు పంటకు తెగుళ్లను కూడా తెస్తుంది. బెండలో ఈనెలు పసుపు రంగుకు తిరిగి ఆకంతా పసుపు వల కప్పినట్టు కనిపించే పల్లాకు తెగులును తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ దోమ బతకటానికి చుట్టుపక్కల కలుపు మొక్కలు కూడా ఆశ్రయమిస్తాయి. పల్లాకును తట్టుకునే అర్క అనామిక రకం వేయటం వల్ల నా బెండ చాలావరకు నిలబడింది. ఏదో ఒక సంచీ విత్తనం తెచ్చి వేసిన మడుల్లో ఖాళీ మడుల పక్క సాళ్లు ముందుగా పసుపెక్కాయి. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను నాశనం చేసిన కాండం కుళ్లు వైరస్ కూడా వయ్యారిభామ పుప్పొడి నుంచి తామర పురుగుల ద్వారానే పంటకు చేరిందని శాస్త్రవేత్తలు తేల్చారు. వేరుశనగే యాసంగి బతుకుదెరువు అయిన మన ప్రాంతంలో, ఊరి పక్కన పూసిన వయ్యారిభామను ఎవరిదో తలనొప్పిగా వదిలేయటం సరికాదు. 1984లో బెంగళూరులో విడుదల చేసిన మెక్సికన్ పెంకు పురుగు దీని ఆకులను తింటుంది, వానల్లో మన దగ్గరా అక్కడక్కడా కనిపిస్తుంది. కానీ ఒక తోట యజమాని ఆ పురుగు మీద భారం వేసి కూర్చోలేడు.

ఈ విషయం నిర్వాహకుల దృష్టికి తీసుకెళ్తే, ఖాళీ మడుల్లో గడ్డి మందు కొట్టిస్తామన్నారు. నేనూ, ఇంకొందరు మడిదారులూ ఒప్పుకోలేదు. ఒక అడుగు గట్టు అవతల బెండ, టమాట కాస్తున్న చోట గడ్డి మందు కొడితే గాలికి తుంపర్లు వచ్చి పైరు మీద పడతాయి. పైగా గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకాన్ని లైసెన్సు ఉన్న పురుగు నివారణ సిబ్బందికే పరిమితం చేస్తూ 2022లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తినే కూరల మధ్య దానికి చోటు లేదని మా వాదన. చివరికి ఆ మడుల్లోని వయ్యారిభామను కైకిలి పెట్టి కోయించారు. అప్పటికే సగం మొక్కలు గింజ రాల్చాయి. మా మాట విన్నందుకు కృతజ్ఞత ఉంది, ఆ పని నెల ముందు జరిగి ఉంటే రెట్టింపు కృతజ్ఞత ఉండేది.

పనిముట్లలో కుర్పీలు పదునుగా ఉంటాయి, వాటిని ప్రతి వారం సాన పట్టిస్తారు. సైకిల్ చక్రానికి అడ్డంగా బ్లేడు బిగించిన తోపుడు కలుపు యంత్రం ఒకటి ఉంది. చల్క నేల వాన పడి కొంచెం ఆరి, అడుగు వేస్తే అంటుకోని స్థితిలో ఉన్నప్పుడు అది అద్భుతంగా పని చేస్తుంది. గుంటుక తోలినట్టు సాళ్ల మధ్య చిన్న కలుపును వేరు తెంపి పడేస్తుంది. తడిగా ఉంటే బ్లేడుకు మట్టి పేరుకుంటుంది, బాగా ఎండితే నేల మీద జారిపోతుంది. తోట మొత్తానికి అది ఒక్కటే కావటంతో, నేల సరైన పదునులో ఉన్న ఆదివారం పూట దాని కోసం ఎదురుచూడాలి. ఇంకో రెండు కొంటే సేవ విలువ చాలా పెరుగుతుంది.

కలుపు రాకుండా నేలను కప్పి ఉంచటం గురించి అడిగేవారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. వెండి, నలుపు రంగుల ప్లాస్టిక్ మల్చింగు షీటు గలిజేరు, పల్లేరు, గునుగు వంటి గింజ కలుపును బాగా ఆపుతుంది. తుంగను ఆపలేదు, దాని మొన షీటును పొడుచుకుని పైకి వస్తుంది. టమాట సాలులో వేసిన షీటు నెల తిరగకుండానే చిల్లులు పడింది. దానికన్నా వేరుశనగ పొట్టు నయం. యాసంగిలో నూనె మిల్లుల దగ్గర చౌకగా దొరుకుతుంది, నాలుగు వేళ్ల మందాన పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, అక్కడక్కడా వచ్చే తుంగను మెత్తటి నేలలోంచి గడ్డతో సహా తీయటం తేలిక. యాసంగి విత్తనానికి ముందు చేసిన మరో పని కూడా మంచి ఫలితం ఇచ్చింది. మడిని తయారు చేసి, విత్తకుండా ఒక తడి ఇచ్చి, పైన ఉన్న గింజ కలుపంతా మొలిచాక లోతుగా కదిలించకుండా పైపైన చెక్కి తీసేసి, అప్పుడు పాలకూర, మెంతి విత్తాను. వానాకాలంలో ఓడిపోయిన మెంతి ఈసారి పాన్పులా లేచింది. లోతుగా తవ్వితే అడుగున నిద్రపోతున్న కొత్త గింజలు పైకి వస్తాయి, అందుకే చెక్కటం పైపైనే జరగాలి. నేల సారం సంగతి తెలుసుకోవాలనుకునేవారు పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని సలహా కోసం సంప్రదించటం మంచిది.

కలుపు అన్నదంతా శత్రువే కాదన్న సంగతి కూడా ఈ మడిలోనే తెలుస్తుంది. వానల్లో బెండ సాళ్ల మధ్య నేలకు పరుచుకున్న గంగవాయిలిని ఆ పెద్దామె పీకి పారేయనివ్వలేదు. ఎర్రటి కాడలు, మందపాటి చిన్న ఆకులు, కొంచెం పులుపు. కందిపప్పులో వేసి వండితే చింతపండు తగ్గించుకోవాల్సి వస్తుంది. వినాయక చవితి నాటికి గట్టు మీది తుమ్మి చిగుళ్లు ఇంటికి తెచ్చుకున్నాం. బతుకమ్మ రోజుల్లో ఖాళీ మడుల నిండా పూసిన గునుగును చూసి, మడులు తీసుకున్న ఇళ్ల ఆడపిల్లలందరూ గంపలతో వచ్చారు. పట్టణంలో డబ్బు పెట్టి కొనుక్కునే పూవు అది. గునుగును పూత దాకా ఉండనిచ్చి, బతుకమ్మకు కోసుకుని, గింజ రాలకముందే మిగతాది పీకేయటం అటు పండగకూ ఇటు మడికీ మేలు. మందు కొట్టిన గట్ల మీది కూరలు మాత్రం ఎంత లేతగా ఉన్నా ముట్టుకోకూడదు, ఈ తోటలో మందు వద్దని మేము పట్టుబట్టటానికి అదీ ఒక కారణం.

డబ్బు లెక్క చూసుకుంటే ఈ మడి లాభసాటి కాదు. అద్దె, విత్తనం, కైకిలి, పెట్రోలు కలిపితే రైతుబజారులో అంతకన్నా ఎక్కువ కూరగాయలు వస్తాయి. కోసిన పూట వండుకున్న బెండకాయ నోటికి తెలిసే రుచి, ఏ మందు పడిందో తెలిసిన కూర పిల్లలకు పెట్టే నిశ్చింత, ఇవి విలువైనవని నమ్మేవారికే ఇది తగినది. రోజుకు ఒక గంట నడుము వంచి పని చేయగలిగిన విశ్రాంత ఉద్యోగులకు, పొద్దున్నే తీరిక ఉన్నవారికి ధైర్యంగా సిఫారసు చేస్తాను. పూర్తి సమయం ఉద్యోగం చేసేవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, పుప్పొడి పడనివారు యాసంగిలో, అదీ డ్రిప్పు మడి దొరికితేనే తీసుకోవాలి. నీటికీ, సిబ్బందికీ అయిదుకు నాలుగు, కలుపు నిర్వహణకు అయిదుకు ఒకటిన్నర ఇస్తాను.

మడి చూడటానికి వెళ్లినప్పుడు నేల పైపైన చూసి మురిసిపోకుండా, నాలుగు చోట్ల జానెడు లోతు తవ్వించి తుంగ గడ్డలున్నాయేమో చూడండి. ఎరువు కుప్ప ఎక్కడుందో అడిగి, చేత్తో పిసికి వాసన చూడండి. ఖాళీ మడులను ఎవరు శుభ్రం చేస్తారో, ఎన్నాళ్లకోసారి చేస్తారో ఒప్పంద పత్రంలో రాయించుకోండి. సాగు మానేసినవారి మడిని నెల తర్వాత వేరేవారికి ఇచ్చే నియమం పెట్టమని మేము కొందరం కలిసి రాసి ఇచ్చాం. నిర్వాహకులు దానికి ఇంకా ఒప్పుకోలేదు గానీ, ఈసారి ఎండాకాలంలో తోటంతా నాగలితో లోతు దుక్కి దున్నించి, రోటావేటరు పక్కన పెడతామని మాట ఇచ్చారు. వచ్చే వానాకాలానికి అదే మడి నాకు కావాలని చెప్పాను. గడ్డలు ఎండలో పైకి తేలిన ఆ దుక్కిని చూశాకే ముందస్తు సొమ్ము కడతానని కూడా చెప్పాను.